పాతనగరపు కట్టడాలు - బలాల సమతుల్యత

వస్తువు యొక్క నిశ్చలస్థితిని గాని, చలనాన్ని గాని మార్చునది, లేక మార్చుటకు ప్రయత్నించునది బలము. ఈ నిర్వచనాన్ని అప్పగించలేని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. అయితే ఇందులో మొదటి సగానికి దక్కిన గౌరవం రెండవ సగానికి దక్కలేదు. తన్నిన బంతి కదులుతుంది, బ్రేకు వేసిన సైకిలు ఆగుతుంది, లాగిన రబ్బరు సాగుతుంది. మనం ఇచ్చే ఉదాహరణలన్నీ 'మార్చు' బలాలకు సంబంధించినవే. 'మార్చుటకు ప్రయత్నించు' బలాల మాట ఎవరికీ పట్టదు. ఫలితం పొందక, కంటికి కనబడక, రాత్రింబవళ్లు ఒత్తుతూనే ఉండే ఈ బలాలను చూడదలచినవారు ఎంతో దూరం పోనక్కరలేదు. ఈ పాతనగరమే అందుకు తగిన ప్రయోగశాల.

ఉర్దూ మాధ్యమంలో చదివే మిత్రులకు బలమంటే 'ఖువ్వత్', గురుత్వాకర్షణ అంటే 'కశిష్-ఎ-సిఖ్ల్'. 1917లో హైదరాబాదులో నెలకొన్న దారుల్ తర్జుమా పండితులు ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం భౌతికశాస్త్రాన్ని ఉర్దూలోనికి తెచ్చారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ పనినే తెలుగులో చేసింది. పేరు ఏదైనా న్యూటను చెప్పిన విషయం ఒక్కటే. ఒక వస్తువు కదలకుండా ఉన్నదంటే దానిపై బలాలు లేవని అర్థం కాదు. ఉన్న బలాలన్నీ కలసి, ఒకదానినొకటి రద్దుచేసుకొని, ఫలితబలం శూన్యమైనదని అర్థం. ఈ రెంటికీ గల భేదమే ఈ వ్యాసానికి విషయం.

చార్మినారును తీసుకొందాం. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన ఈ కట్టడంలో నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలలా నాలుగు మినారులు ఉన్నవి. కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు. అంత వెడల్పు ద్వారంపై ఒకే రాతిదూలాన్ని అడ్డంగా పరచి పైఅంతస్తు భారాన్ని మోయించగలమా? దూలంపై బరువు పడినప్పుడు దాని పైభాగం నొక్కుకొనిపోతుంది, అడుగుభాగం సాగుతుంది. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది గాని సాగదీతను భరించలేదు. అడుగున పగులు పుట్టి దూలం రెండవుతుంది. కమానులోని కిటుకు ఇదే. దానిలో ప్రతి రాయి తన ఇరుగుపొరుగు రాళ్లను ఒత్తుతుంది, వాటిచేత ఒత్తబడుతుంది. సాగదీత అనే మాటే రాకుండా భారమంతా నొక్కుడుగా మారి వంపు వెంబడి నేలకు దిగుతుంది.

అయితే దీనికి మూల్యం చెల్లించవలసి ఉంటుంది. ఇద్దరు విద్యార్థులు కాస్త దూరంగా నిలబడి, ముందుకు వాలి, ఒకరి అరచేతులపై ఒకరు భారం మోపి నిలిచారనుకోండి. నున్నని గచ్చు మీద వారి పాదాలు వెనుకకు జారిపోజూస్తాయి. కమాను కాళ్లు కూడా అట్లే బయటికి తన్నుకొనిపోవాలని చూస్తాయి. దీనిని పార్శ్వపు తోపుడు అనవచ్చు. వెడల్పు మారకుండా కమాను ఎత్తును రెట్టింపు చేస్తే ఈ తోపుడు దాదాపు సగమవుతుంది. చార్మినారు కమానులు బల్లపరుపుగా కాక, ఎత్తుగా లేచి శిఖరాన మొనదేలి ఉండడంలో అందంతోపాటు ఈ ప్రయోజనం కూడా ఉన్నది.

ఇక మూలల సంగతి. ప్రతి మూలను రెండు కమానులు లంబదిశలలో తోస్తున్నవి. రెండు తోపుడులు సమానమైతే వాటి ఫలితబలం కర్ణం వెంబడి బయటికి, ఒక్కొక్కదానికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది. సరిగ్గా ఆ మూలలోనే మినారు నిలిచి ఉన్నది! మినారు బరువు నిట్టనిలువుగా కిందికి ఒత్తుతుంది. బయటికి పోయే తోపుడు, కిందికి పోయే బరువు కలిసినప్పుడు ఫలితబలపు రేఖ కిందికి వంగి స్తంభపు పీఠం లోపలే నేలను చేరుతుంది. ఆ రేఖ పీఠం దాటి బయటికి పోయిననాడు కట్టడం ఒరుగుతుంది. కావున మినారు అజాన్ పిలుపుకో, అలంకారానికో మాత్రమే ఉన్నదనుకోరాదు. బరువుగా ఉండడమే దాని మొదటి ఉద్యోగం. న్యూటను మహాగ్రంథం 'ప్రిన్సిపియా' వెలువడినది 1687లో. గోల్కొండ ఔరంగజేబు వశమైనదీ ఆ ఏడే. అప్పటికి చార్మినారు వయస్సు 96 సంవత్సరాలు. సూత్రం పుట్టక ముందే మన తాపీపనివారికి దాని ఫలం తెలిసి ఉన్నదన్నమాట.

నిలిచిన రాతిలోని బలాలు ఇవి. ఇక కదలనని మొరాయించే రాతి సంగతి చూద్దాం. అందుకు చార్మినారు పక్కనున్న మక్కా మసీదును మించిన పాఠం లేదు. మహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయిన ఈ మసీదును, అది ఇంకా అసంపూర్ణంగా ఉన్న రోజులలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూశాడు. 1676లో ప్రకటించిన తన యాత్రాగ్రంథంలో అతడు అందలి ఒక మహాశిలను గురించి వ్రాశాడు. దానిని గని నుండి తొలచి తీయడానికి ఐదారు వందలమంది ఐదేళ్లు శ్రమించారట. లాగడానికి 1400 ఎడ్లు కావలసివచ్చినవట. ఈ ఎడ్ల సంఖ్య తాను విన్నదేనని అతడే చెప్పుకొన్నాడు.

ఈ లెక్కను మనం పరీక్షించవచ్చు. ఎద్దు అలసిపోకుండా లాగగల బలం సుమారు దాని బరువులో పదవవంతు. ఎద్దు బరువు 350 కిలోలనుకుంటే లాగుడు 35 కిలోల భారానికి సమానం. 1400 ఎడ్లు కలసి లాగితే 49 టన్నుల భారం. రాతిని కొయ్యచట్టంపై పెట్టి నేలమీద ఈడ్చినట్లయితే, ఘర్షణ గుణకం అరవంతు అనుకున్నప్పుడు, ఆ లాగుడుతో 98 టన్నుల బరువు కదులుతుంది. చక్రాలున్న బండి అయితే మట్టిబాటపై గుణకం పదోవంతుకు దిగుతుంది, కదలవలసిన బరువు 490 టన్నులకు లెక్క తేలుతుంది. అంతటి ఏకశిల ఉన్నదంటే నమ్మశక్యం కాదు. సంఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చు. అదే కారణం కానక్కరలేదు కూడా. 700 జతలను ఒకే వరుసలో కడితే, జతకు మూడు మీటర్ల చొప్పున ఆ వరుస రెండు కిలోమీటర్లు దాటుతుంది! కాబట్టి పలు వరుసలు కట్టక తప్పదు. పక్క వరుసల మోకులు కోణంలో లాగుతాయి. కోణంలో లాగిన బలంలో ఒక అంశమే ముందుకు పనికివస్తుంది. పైగా అన్ని ఎడ్లూ ఒకే క్షణంలో మెడ ఊపవు.

ఘర్షణకు మరొక గుణం ఉన్నది. కదలని వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదానిని కదిలిస్తూ ఉండడానికి కావలసినదాని కంటె ఎక్కువ. పత్తర్‌గట్టీ వద్ద బట్టల మూటలు నింపిన తోపుడుబండిని చూడండి. మొదట కదిలించడానికి ముగ్గురు భుజం పట్టాలి. కదిలిన పిమ్మట ఒకడే తోసుకొనిపోగలడు. మసీదు రాయి దారిలో ఆగిన ప్రతిసారీ ఆ తొలిప్రయత్నం మళ్లీ చేయవలసివచ్చి ఉంటుంది.

సమతుల్యత చెడినప్పుడు ఏమవుతుందో చార్మినారే చెప్పగలదు. మొగలు సుబేదారుల కాలంలో పిడుగుపడి దాని నైరుతి మినారు కూలిపోగా అరవైవేల రూపాయల ఖర్చుతో తిరిగి కట్టించారు. పిడుగు విద్యుత్తు కదా, దానికి తోసే బలం ఎక్కడిది అని సందేహం రావచ్చు. గోడలోని చెమ్మ గుండా విద్యుత్ప్రవాహం పోయినప్పుడు ఆ నీరు రెప్పపాటులో ఆవిరిగా మారి అనేక రెట్లు వ్యాకోచిస్తుంది. మూతపెట్టిన పాత్ర వలె రాళ్ల సందులు లోపలినుండి పగులుతాయి. నొక్కుడును భరించే కట్టడం లోపలినుండి వచ్చే ఈ సాగదీతకు లొంగిపోతుంది.

2019 మే నెల ఆరంభంలో ఒక మినారు నుండి సున్నపు పనితనపు పెద్ద ముక్క ఒకటి ఊడిపడినది. ఎవరికీ దెబ్బ తగలలేదు. తగిలి ఉంటే? ఐదు కిలోల ముక్క 30 మీటర్ల ఎత్తు నుండి పడినదనుకొని లెక్కిద్దాం. గాలి అడ్డును విడిచిపెడితే నేలను తాకేటప్పటికి దాని వేగం సెకనుకు 24 మీటర్లు, అనగా గంటకు 87 కిలోమీటర్లు. అది ఒక సెంటీమీటరు దూరంలో ఆగిపోతే కలిగే బలం దాని బరువుకు మూడువేల రెట్లు, అనగా 15 టన్నుల భారం. ఎంత తక్కువ దూరంలో ఆగితే బలం అంత ఎక్కువ. మోటారుసైకిలు శిరస్త్రాణంలోని మెత్త చేసే మేలు ఆ ఆగే దూరాన్ని పెంచడమే.

రాతి తరువాత నీటిని చెప్పుకోవాలి. ఈ నగరాన్ని బలమంటే ఏమిటో చూపి భయపెట్టినది నీరే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 15,000 మంది మరణించారు. ప్రసిద్ధ రుబాయీ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొన్నారు. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని కొట్టుకొనిపోగా, ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన పురానాపూల్ నిలిచినది. పారే నీరు చదరపు మీటరు గోడను తాకి అక్కడే వేగం కోల్పోయిందనుకొందాం. వేగం సెకనుకు ఒక మీటరైతే తోపుడు సుమారు 100 కిలోల భారం. వేగం మూడింతలైతే తోపుడు మూడింతలు కాదు, తొమ్మిదింతలు. తాకే నీటి పరిమాణం మూడింతలవుతుంది, ఆ నీటి వేగమూ మూడింతలే కాబట్టి. మోకాలిలోతు నీరే గదా అని ప్రవాహంలో దిగేవారు తెలుసుకోవలసినది ఈ వర్గ నియమమే. అంతేగాక నీటిలో మునిగిన రాయి ఘనపు మీటరుకు ఒక టన్ను చొప్పున బరువు కోల్పోతుంది. గ్రానైటుకు అది మూడోవంతు కంటె ఎక్కువ. నిలబెట్టే బరువు తగ్గి, తోసే బలం పెరిగినప్పుడు వంతెనల గతి ఏమిటో ఊహించవచ్చు.

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఆనాడు నూటయాభై మందిని కాపాడినదని ప్రసిద్ధి. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆస్పత్రిలో ఉన్నది. గోడ ప్రవాహానికి తన వైశాల్యమంతా అడ్డుపెడుతుంది. చెట్టు మానును మాత్రమే అడ్డుపెట్టి మిగిలిన నీటిని పోనిస్తుంది. వేళ్లు నలుదిశల సాగదీతను భరిస్తాయి, రాయి భరించలేని సాగదీతను.

వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మితమైనవి. కాని నీటి తోపుడు నదికి మాత్రమే పరిమితం కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానలో బండ్లగూడలో ఒక ప్రహరీగోడ ఇళ్లపై కూలి, పసివారితో సహా పలువురు మరణించారు. ఆ గోడ మాట అటుంచి, సాధారణంగా తొమ్మిది అంగుళాల ఇటుకగోడ బలమెంతో చూద్దాం. రెండు మీటర్ల ఎత్తుగల గోడ బరువు మీటరు పొడవుకు సుమారు 875 కిలోలు. ఒక పక్క పైవరకు నీరు నిలిస్తే ఆ మీటరుపై పడే అడ్డపు తోపుడు దాదాపు 2,000 కిలోల భారం. పైగా అది పనిచేసే చోటు అడుగు నుండి మూడోవంతు ఎత్తున. గోడను పడద్రోసే భ్రామకం సుమారు 1,330 కిలోగ్రాము-మీటర్లు. గోడ తన బరువుతో ఎదిరించగల భ్రామకం నూరు మాత్రమే. సున్నము, సిమెంటు పట్టును, పునాది లోతును లెక్కలో చేర్చినా ఇంత వ్యత్యాసాన్ని పూడ్చలేవు. నీటి లోతు సగమైతే భ్రామకం సగం కాదు, ఎనిమిదోవంతు అవుతుంది. అయినా అది 167, అనగా గోడ శక్తికి మించినదే.

అందుచేతనే మట్టిని ఆనుకొని గోడ కట్టేటప్పుడు అడుగున వరుసగా నీరు జారే రంధ్రాలు విడుస్తారు. రంధ్రం నుండి కారిపోయిన నీరు గోడను తోయదు. గోడకు మరకలు పడుతున్నవని, బొద్దింకలు వస్తున్నవని చాలామంది వాటిని సిమెంటుతో మూసివేస్తారు. మూసిన మరుసటి రోజున ఏమీ జరగదు; గోడ అలాగే నిలిచి ఉంటుంది. వానాకాలం వచ్చినప్పుడు లోపలినుండి ప్రయత్నం మొదలవుతుంది. మన బస్తీలలో గుట్టవాలున కట్టిన గోడలు ఎన్నో ఉన్నవి. సెలవులలో వాటి అడుగున రంధ్రాలు తెరిచి ఉన్నవో మూసి ఉన్నవో చూచి, మూసి ఉంటే ఆ ఇంటివారికి ఈ లెక్క చూపించవచ్చు.