హైడ్రోజన్‌ను కడిగే లోహాలు: అపోహలు – వాస్తవాలు

హైడ్రోజన్ బస్సులు, పూడిమడకలో రాబోయే గ్రీన్ హైడ్రోజన్ హబ్... ఈ వార్తలు మన పత్రికల్లో ఇప్పుడు తరచూ కనిపిస్తున్నాయి. హైడ్రోజన్‌ను ఎలా తయారు చేస్తారు, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ నిల్వ చేస్తారు? చర్చంతా ఈ మూడింటి చుట్టూనే. తయారైన వాయువును ఎలా శుభ్రం చేస్తారని అడిగేవాళ్లు అరుదు. నా దృష్టిలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న అదే. దాని చుట్టూ అపోహలూ చాలానే ఉన్నాయి.

అపోహ: హైడ్రోజనే శుద్ధమైన ఇంధనం. దాన్ని మళ్లీ శుద్ధి చేయడమేమిటి?

ఫ్యూయెల్ సెల్‌లో వాడితే నీరు తప్ప ఏమీ మిగలదు కాబట్టి దానికి ఆ పేరొచ్చింది. దాని పుట్టుక మాత్రం అంత శుభ్రమైంది కాదు. నేడు ప్రపంచంలో తయారవుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజవాయువు, బొగ్గుల నుంచే వస్తోంది. రామగుండం ఎరువుల కర్మాగారంలో అమ్మోనియాకు కావాల్సిన హైడ్రోజనూ సహజవాయువు నుంచి వచ్చేదే. సహజవాయువును, నీటి ఆవిరిని 800 డిగ్రీలకు పైగా వేడిలో నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. వచ్చిన వాయువులో అది పది శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది.

దీన్ని రెండు అంచెల్లో తగ్గిస్తారు. ముందు 350–450 డిగ్రీల దగ్గర ఇనుము–క్రోమియం ఉత్ప్రేరకం, తర్వాత 200–250 డిగ్రీల దగ్గర రాగి–జింక్ ఉత్ప్రేరకం. రెండుచోట్లా జరిగేది ఒకే చర్య: కార్బన్ మోనాక్సైడ్ నీటి ఆవిరితో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, పైగా ఇంకొంత హైడ్రోజన్‌నూ ఇస్తుంది. ఇంత చేసినా వెయ్యికి మూడు పాళ్ల వరకు మోనాక్సైడ్ మిగులుతుంది. వాహనాల ఫ్యూయెల్ సెల్స్‌కు ఐఎస్ఓ 14687 ప్రమాణం పెట్టిన హద్దు పది లక్షల పాళ్లకు 0.2 మాత్రమే. అంటే 50 లక్షల అణువుల్లో ఒకటి. మిగిలినదాన్ని ఇంకో 15 వేల రెట్లు తగ్గిస్తే తప్ప ఆ హద్దు లోపలికి రాదు.

అపోహ: అంత కొంచెం మోనాక్సైడ్ వల్ల వచ్చే నష్టమేముంది?

చలికాలంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి ప్రాణాలు విడిచిన సంగతులు మనం వింటూనే ఉంటాం. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఫ్యూయెల్ సెల్‌లో ఉత్ప్రేరకంగా ఉండే ప్లాటినానికి జరిగేదీ దాదాపు ఇదే. అక్కడ హైడ్రోజన్ అణువు ప్లాటినం ఉపరితలం మీద వాలి రెండు పరమాణువులుగా విడిపోవాలి. అది వాలాల్సిన చోట్లను మోనాక్సైడ్ ముందే ఆక్రమిస్తుంది. 80 డిగ్రీల దగ్గర పనిచేసే సెల్‌లో అది తనంతట తాను త్వరగా వదిలిపోదు. పది లక్షలకు పది పాళ్లున్నా సెల్ ఇచ్చే విద్యుత్తు స్పష్టంగా పడిపోతుంది.

ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కాదు. ప్లాటినం మీద మోనాక్సైడే కమ్ముకుని చర్యను అడ్డుకుంటుందని ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1922లోనే వివరించాడు. ప్లాటినాన్ని పాడుచేసే ఇంకో మలినం గంధకం. దాని సంగతి ఇంకా ఘోరం. దానికి పెట్టిన హద్దు పది లక్షలకు 0.004 పాళ్లు.

అపోహ: కాస్త ఆక్సిజన్ పంపి మోనాక్సైడ్‌ను కాల్చేస్తే సరిపోతుంది.

సూత్రం అదే. కష్టమంతా ఆచరణలో ఉంది. ఎదురుగా ఉన్నది మోనాక్సైడ్ ఒక్కటే కాదు, దానికి వందల రెట్లు హైడ్రోజన్ కూడా ఉంది. ఆక్సిజన్ దొరికితే అదీ కాలుతుంది. దారి తప్పిన ప్రతి ఆక్సిజన్ అణువూ మనం అమ్ముకోవాల్సిన రెండు హైడ్రోజన్ అణువుల్ని నీరుగా మార్చేస్తుంది.

ఉత్త ప్లాటినంతో ఇబ్బంది ఇది: వేడి తక్కువైతే ఉపరితలమంతా మోనాక్సైడ్ కప్పేసి ఆక్సిజన్‌కు చోటుండదు. వేడి పెంచితే మోనాక్సైడ్ లేస్తుంది కానీ, వెంటనే హైడ్రోజన్ అంటుకుంటుంది. ఈ రెండింటి మధ్య పనికొచ్చే ఉష్ణోగ్రతల మేర చాలా ఇరుకు. ఉత్ప్రేరకాన్ని రూపొందించడమంటే ఆ ఇరుకును వెడల్పు చేయడం.

అది ఎలా సాధ్యమో 2008లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని మావ్రికాకిస్ బృందం, మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోని ఐకార్న్ బృందం కలిసి చూపించాయి. రుథీనియం అనే లోహపు నానో రేణువు మీద ప్లాటినాన్ని పలుచటి పొరగా తొడిగారు. లోపల రుథీనియం, పైన ప్లాటినం. వాయువుకు కనిపించేది ప్లాటినం ఒక్కటే. అయినా కిందనున్న రుథీనియం వల్ల పైనున్న ప్లాటినం ఎలక్ట్రాన్ల తీరు మారిపోయింది, మోనాక్సైడ్ మీద దాని పట్టు సడలింది. ఈ రేణువులతో, పది లక్షలకు వెయ్యి పాళ్ల మోనాక్సైడ్ ఉన్న హైడ్రోజన్‌కు ఆక్సిజన్ కలిపి పరీక్షించారు. హైడ్రోజన్ ఎంత తక్కువ వేడిలో చర్య అందుకుంటే, మోనాక్సైడ్ అంత తక్కువ వేడిలోనే తొలగిందని అర్థం. మోనాక్సైడ్ అడ్డు తొలగి హైడ్రోజన్ చర్య పూర్తిగా అందుకోవడానికి ఉత్త ప్లాటినానికి 170 డిగ్రీలు కావాల్సి వచ్చింది. అవే రెండు లోహాల్ని కలగలిపిన మిశ్రలోహానికి 85 డిగ్రీలు పట్టింది. పొర తొడిగిన రేణువులకు 30 డిగ్రీలు చాలాయి.

లోహాలు రెండూ అవే. మారింది అమరిక. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఫలితం నాకు ఇంకోటి కనిపించలేదు. లోపలి లోహం మోనాక్సైడ్ పట్టును ఎలా సడలిస్తుందన్న వివరణ క్వాంటమ్ లెక్కల నుంచే వచ్చింది. అలాగని మంచి ఉత్ప్రేరకాన్ని కంప్యూటరే కనిపెట్టేస్తుందని అనుకోకూడదు. లెక్క దారి చూపిస్తుంది. ఆ రేణువును అదే రూపంలో తయారు చేయడం, అది అలాగే ఉందని సూక్ష్మదర్శినిలో రుజువు చేయడం చేతులతో చేయాల్సిన పనులు.

2019లో చైనా పరిశోధకులు ఇంకో దారి పట్టారు. ప్లాటినం రేణువుల మీద ఇనుప హైడ్రాక్సైడ్‌ను విడివిడి పరమాణువుల స్థాయిలో అమర్చారు. ఆక్సిజన్‌ను అందుకునే పనిని ఇనుము పంచుకుంది. మైనస్ 75 డిగ్రీల నుంచి 107 డిగ్రీల దాకా, హైడ్రోజన్‌ను ముట్టుకోకుండా మోనాక్సైడ్ మొత్తాన్ని తొలగించగలిగారు. గడ్డకట్టే చలిలో బండి తీయాల్సిన దేశాలకు ఇది పెద్ద మాట.

ఒక సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. నేటి పెద్ద ప్లాంట్లలో చివరి శుద్ధిని ఎక్కువగా చేస్తున్నది పీఎస్ఏ (ప్రెజర్ స్వింగ్ అడ్సార్ప్షన్) పద్ధతి. అధిక పీడనంలో మలినాల్ని పట్టి ఉంచి, పీడనం తగ్గించినప్పుడు వదిలేసే పదార్థాల గుట్టల్ని ఇందులో వాడతారు. మోనాక్సైడ్‌ను ఏరి కాల్చే ఉత్ప్రేరకాల అవసరం చిన్న యంత్రాల్లో ఎక్కువ. జపాన్‌లో 2009 నుంచి ఇళ్లకు అమ్ముతున్న ఎనెఫార్మ్ యంత్రాల్లో ఇంటి గ్యాస్‌నే హైడ్రోజన్‌గా మార్చుకుని అక్కడికక్కడే కరెంటు, వేడినీళ్లు తీస్తారు. అలాంటి పెట్టెలో పీఎస్ఏ స్తంభాలకు చోటెక్కడ?

అపోహ: లోహం ఎంత ఖరీదైనదైతే ఉత్ప్రేరకం అంత మంచిది.

మెడలో నగగా ఉన్నప్పుడు బంగారం దేనితోనూ కలవదు. అందుకే ఉత్ప్రేరకంగా అది పనికిరాదని చాలాకాలం నమ్మారు. 1987లో జపాన్‌కు చెందిన మసతాకే హరుతా ఐదు నానోమీటర్ల లోపు బంగారు రేణువుల్ని ఇనుము, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్ల మీద నిలిపి చూశాడు. మైనస్ 70 డిగ్రీల దగ్గర కూడా అవి మోనాక్సైడ్‌ను కాల్చేశాయి. పరిమాణం, కింద పరిచిన ఆక్సైడ్ మారేసరికి లోహం స్వభావమే మారింది. ఇక చవకైన రాగిని సీరియం ఆక్సైడ్ మీద పరిస్తే, హైడ్రోజన్ మధ్యలోంచి మోనాక్సైడ్‌ను ఏరి కాల్చడంలో ప్లాటినం జాతి లోహాలతో పోటీకి నిలుస్తుంది.

అపోహ: ఉత్ప్రేరకం చర్యలో మారదు కాబట్టి ఎన్నాళ్లైనా ఉంటుంది.

బడిలో చదివిన నిర్వచనం కాగితం మీద నిజమే. ప్లాంటులో చూడండి. రాగి–జింక్ ఉత్ప్రేరకం నల్లటి చిన్న బిళ్లల రూపంలో వస్తుంది. అప్పటికి అందులో ఉన్నది కాపర్ ఆక్సైడ్. దాన్ని రాగిగా మార్చడానికి నైట్రోజన్‌లో కొద్దికొద్దిగా హైడ్రోజన్ కలిపి పంపుతూ, రియాక్టర్‌లో వేడిని కొలిచే ఒక్కొక్క థర్మోకపుల్ రీడింగునూ గమనిస్తూ కూర్చుంటారు. తొందరపడి హైడ్రోజన్ పెంచితే వేడి ఎగబాకుతుంది, రాగి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి, పనిచేసే ఉపరితలం పోతుంది. పోయినది తిరిగి రాదు. గంధకం, క్లోరిన్ జాడలు తగిలినా ఇది పాడవుతుంది. అందుకే గంధకాన్ని ముందే పట్టేసే జింక్ ఆక్సైడ్ గుట్టను దీనికన్నా ముందు దశలో కాపలా పెడతారు. పాత ఉత్ప్రేరకాన్ని బయటికి తీసేటప్పుడూ జాగ్రత్త కావాలి. గాలి సోకితే అది ఎర్రగా కాగిపోగలదు.

అపోహ: నీటి నుంచి తీసే గ్రీన్ హైడ్రోజన్‌కు ఈ బాధలేవీ లేవు.

మోనాక్సైడ్ బాధ నిజంగానే ఉండదు. కానీ నీటిని విద్యుత్తుతో విడగొట్టే ఎలక్ట్రోలైజర్ నుంచి వచ్చే హైడ్రోజన్‌లో కొంత ఆక్సిజన్, నిండా తేమ ఉంటాయి. రెండింటికీ ఐఎస్ఓ హద్దు పది లక్షలకు ఐదు పాళ్లు. ఆక్సిజన్‌ను తీయడానికి పలాడియం వంటి లోహం పూసిన అల్యూమినా గుళికల మీదుగా వాయువును పంపుతారు. ఆక్సిజన్ కొంత హైడ్రోజన్‌తో కలిసి నీరైపోతుంది. ఆపైన ఆరబెట్టే పరికరాలు ఆ నీటినీ తీసేస్తాయి. సౌర విద్యుత్తుతో నడిచే ప్లాంట్లలో దీని అవసరం ఇంకా పెరుగుతుంది. మబ్బు పట్టి కరెంటు తగ్గితే వాయువు ఉత్పత్తి పడిపోతుంది కానీ, ఎలక్ట్రోలైజర్‌లో ఆక్సిజన్ వైపు నుంచి హైడ్రోజన్ వైపుకు చొరబాటు అదే దామాషాలో తగ్గదు. దాంతో మలినం పాలు ఎక్కువవుతుంది. ఉత్ప్రేరకం గుట్ట పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు మిట్టమధ్యాహ్నపు లెక్కలు చాలవు. సాయంత్రం తక్కువ లోడు దగ్గర వచ్చే వాయువును కూడా అది శుభ్రం చేయగలగాలి.