చెరువు మన్ను తోలే ముందు తాబేళ్లు ఉన్నాయేమో చూడండి

మే నెలలో మా ఊరి చెరువు మన్ను చేనికి తోలుకుంటున్నాం. చిత్రావతి నదిలో కలిసే వంక మీద ఉండే చిన్న చెరువు. జేసీబీ ఎత్తిన పెళ్ళలో ఏదో కదిలింది. చూస్తే తాబేలు! పక్క పెళ్ళలో ఇంకోటి ఉంది, దాని చిప్ప పగిలిపోయింది. అది బతకలేదు. తప్పు డ్రైవర్‌ది కాదు, తోలమన్నది నేనే.

ఎండిన చెరువులో తాబేలు ఎందుకుంటుంది?

ఇది మెత్తటి చిప్ప ఉన్న నీటి తాబేలు. శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టాటా. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే చర్మపు మూతలు కప్పుకుంటాయి, అదే గుర్తు. మన అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టే. పెన్నా, చిత్రావతి చాలా నెలలు ఇసకే. నీళ్లు ఎండితే ఈ తాబేలు నేల మీద నడిచి ఇంకో మడుగు వెతుక్కుంటుంది, లేదంటే బురదలో దిగబడి తిండి లేకుండా వాన కోసం నెలల తరబడి కాచుకుంటుంది. అంటే మనం ఖాళీ చెరువు అనుకునేది దానికి ఇల్లు.

నత్తలు, పురుగులు, చేపలు, నీటి మొక్కలు, చచ్చిన జీవాలు కూడా తింటుంది. కుళ్లిపోయేవి తినేస్తుంది కాబట్టి నీళ్లకు మేలే. గుడ్లు మాత్రం ఒడ్డు మట్టిలో పెడుతుంది.

మనం చేయగలిగినవి:

1. చెరువులో లోతైన, తడి ఆరని భాగం వదిలేసి అంచుల నుంచి మన్ను తీయండి. ముందు పారతో కొంచెం గీకి చూడండి.

2. ప్లాస్టిక్ షీటు వేసిన ఫారం పాండ్‌లో పడితే జారిపోయి పైకి ఎక్కలేదు. ఒక మూల గోనెపట్టా గానీ ముడులేసిన మోకు గానీ నీళ్ల దాకా వేలాడదీయండి.

3. గట్టు మీద గడ్డి కాల్చొద్దు, గట్టు దున్నొద్దు.

4. దొరికితే అదే చెరువులో తడి ఉన్న చోట వదలండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖకు చెప్పండి. పట్టినా, అమ్మినా, కూర వండినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇది షెడ్యూల్ 1 జీవి, 3 నుంచి 7 ఏళ్ల జైలు.

మేం మధ్య భాగం వదిలేశాం. 40 ట్రాక్టర్లు అనుకుంటే 26 వచ్చాయి. మిగతాది ఘన జీవామృతంతో సర్దుకున్నా. సెప్టెంబర్ వానకు చెరువులో నీళ్లు చేరాక ఒక పొద్దున మూడు తలలు నీళ్లపైకి వచ్చాయి. అదే కింది వీడియోలో ఉంది, చూడండి. మీ ఊరి చెరువులోనూ ఉన్నాయా? మన్ను తోలే వాళ్లకు ఈ మాట చెప్పండి.