యాదృచ్ఛిక మాత్రికలు - వృత్తాకార చలనము

వేర్వేరు దారుల బయలుదేరిన రెండు విచారణలు ఒకే సూత్రమున కలిసికొనుట శాస్త్రచరిత్రలో అరుదు గాదు. అట్టి కలయికకు హేతువును స్పష్టముగా చూపగలుగుట మాత్రము అరుదు. యాదృచ్ఛిక సంఖ్యలతో నింపిన పెద్ద మాత్రికల లాక్షణిక మూలములకును, అయస్కాంత క్షేత్రమున గుండ్రముగా తిరుగు ఎలక్ట్రానులకును గల సామ్యము హేతువు తెలిసినది. ఆ సామ్యము ఎంతవరకు ఆకారమాత్రమో, ఎచ్చట నిజమైన ఏకత్వమో నిరూపించుట ఈ వ్యాసము నుద్దేశము.

సంఖ్యలను అడ్డువరుసలుగను నిలువువరుసలుగను పేర్చిన చతురస్రము మాత్రిక. అది దిశలను మార్చు సాధనము. అయినను బండిచక్రము ఎంత తిరిగినను ఇరుసు దిశ మారనట్లు, మాత్రికచే దిశ మారని రేఖలు కొన్ని యుండును. ఆ రేఖపై పొడవు ఎన్ని రెట్లగునో తెలుపు సంఖ్యయే లాక్షణిక మూలము. దీనినే ఐగెన్ విలువ యందురు. ఐగెన్ అను జర్మను పదమునకు సొంతము అని యర్థము. నూరు వరుసల మాత్రికకు నూరు మూలములుండును. అవి సామాన్యముగా సంకీర్ణ సంఖ్యలు. అనగా తలముపై బిందువులుగా గుర్తింపదగినవి.

బరువైన పరమాణు కేంద్రకముల శక్తిస్థాయిల నెరుగుటకై విగ్నరు 1950వ దశకమున యాదృచ్ఛిక మాత్రికలను భౌతికశాస్త్రమున ప్రవేశపెట్టెను. ఆయన గ్రహించిన మాత్రికలు సౌష్ఠవము గలవి గనుక వాని మూలములు ఒకే సరళరేఖపై నుండును. 1965లో జినీబ్రు ఆ నియమమును విడిచి, ప్రతి స్థానమునందును గౌస్ విభాజనము ననుసరించు సంకీర్ణ సంఖ్యను స్వతంత్రముగా నుంచి పరిశీలించెను. సంఖ్యల పరిమాణ వర్గమునకు సగటు 1 అయినచో, మూలములు కేంద్రము చుట్టును ఒక వృత్తఫలకమును సమసాంద్రతతో నింపును. 100 వరుసల మాత్రికకు దాని వ్యాసార్ధము సుమారు 10. 10,000 వరుసలకు సుమారు 100. నేలపై చల్లిన గింజలు ఒకచోట కుప్పపడి వేరొకచోట ఖాళీ విడుచును. ఈ మూలములు అట్లు గాక ఒకదానికొకటి ఎడము పాటించును.

ఇక ఎలక్ట్రాను మాట. అయస్కాంత బలము ఎల్లప్పుడును చలనదిశకు లంబముగా పనిచేయును గనుక వేగపరిమాణము మారక, దిశ మాత్రమే మారి, వృత్తాకార చలనము కలుగును. ఒక టెస్లా క్షేత్రమున ఎలక్ట్రాను సెకండునకు సుమారు 2,800 కోట్ల చుట్లు తిరుగును. క్వాంటం సిద్ధాంతము ననుసరించి ఈ చలనపు శక్తి మెట్లు మెట్లుగా నుండునని 1930లో లాండౌ నిరూపించెను. అన్నిటికన్న క్రింది మెట్టున అనేక స్థితులు కలవు. ఒక్కొక్క స్థితిలో ఎలక్ట్రాను ఒక్కొక్క వలయము వద్ద కనబడు సంభావ్యత హెచ్చు. తగిన కొలమానము గైకొన్నచో 1, 4, 9, 25 సంఖ్యలు గల వలయముల వ్యాసార్ధములు వరుసగా 1, 2, 3, 5 అగును. అనగా వలయసంఖ్య ఒకటి పెరిగిన కొలది వైశాల్యము సమానముగా పెరుగును. 1925లో పౌలీ ప్రకటించిన నియమము ననుసరించి ఒక స్థితిలో ఒక ఎలక్ట్రానే యుండవలెను. కనుక నూరు ఎలక్ట్రానులు లోపలి నూరు వలయములను నింపి, సుమారు 10 వ్యాసార్ధము గల సమసాంద్ర ఫలకమగును.

ఇది సంఖ్యల యాదృచ్ఛిక సామ్యము గాదు. ప్రతి జంట బిందువుల ఎడముల వర్గముల లబ్ధమును, కేంద్రమునుండి దూరమైన కొలది క్షీణింపజేయు గౌస్ గుణకములును - ఈ రెంటి లబ్ధమే జినీబ్రు కనుగొన్న సంభావ్యతాసూత్రము. ఎలక్ట్రానుల తరంగప్రమేయమును వర్గించినను అదే సూత్రము వచ్చును. ఎలక్ట్రానుల యెడ ఎడములు పౌలీ నియమమువలన కలిగినవి. మాత్రికల యెడ, రెండు మూలములు ఏకమగుటకు సంఖ్యల మధ్య ప్రత్యేక సంబంధము కావలెను. అది యాదృచ్ఛికముగా కుదురుట దుర్లభము. అంతేకాక, కేంద్రమునుండి మూలముల దూరములను మాత్రము సమూహముగా చూచినచో, ఒక్కొక్క వలయమునుండి స్వతంత్రముగా ఒక్కొక్క దూరమును గైకొన్నట్లే యుండునని 1992లో కోస్ట్లాన్ నిరూపించెను.

అయితే హద్దు నెరుగవలెను. ఇచ్చట ఎలక్ట్రానుల పరస్పర విద్యుద్వికర్షణను లెక్కింపలేదు. దానిని కూడ గణించుటకై లాఫ్లిన్ 1983లో ఎడముల వర్గమునకు మారుగా ఆరవ ఘాతముతో కూడిన సూత్రమును ప్రతిపాదించి, ఆ మునుపటి యేడు కనబడిన భిన్నాంక హాల్ ఫలితమును వివరించెను. మరియు గౌస్ విభాజనము లేనిచో పై ఏకత్వము నిలువదు. ఫలకము మాత్రము నిలుచును. విస్తృతి పరిమితమైన ఏ విభాజనమునకైనను అది సత్యమని 2010లో తావో, వూ నిరూపించిరి. ఆ పత్రమునకు అనుబంధమును వ్రాసినవాడు మంజునాథ్ కృష్ణపూర్.

కావున ఫలకము గుండ్రముగా నున్నంతమాత్రమున అందు వృత్తాకార చలనము కలదనరాదు. గుండ్రదనము అనేక కారణములవలన కలుగవచ్చును. ఎడములును వలయములును ఒకే సూత్రమునకు లోబడినప్పుడే ఆ రెండు శాస్త్రవిషయములు ఒకటి యనదగును.