మెట్టెక్కే మోకాళ్లు

విజయవాడలో గుణదల ఉంది. గుణదల కొండమీద మేరీమాత గుడి ఉంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడ తిరనాళ్లు. జనం మెట్లెక్కి కొండమీదికి పోతారు. అరవై దాటిన అమ్మలు కూడా ఎక్కుతారు. కొందరు ఆగకుండా ఎక్కుతారు. కొందరు నాలుగు మెట్లకే కూలబడతారు. వయసు ఒకటే. మరి తేడా ఎక్కడ ఉంది?

కారణాలు చాలా ఉంటాయి. జబ్బు ఉండొచ్చు. తిండి చాలకపోవచ్చు. కానీ ఒక కారణం మాత్రం మన చేతిలో ఉంది. అది రోజూ చేసే చిన్న అలవాటు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ముప్పై, నలభై ఏళ్ల నుంచే కండ మెల్లగా తగ్గుతుంది. ముట్లు ఆగాక ఆడవాళ్ల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. కండ తగ్గితే కాలు తూలుతుంది. ఎముక గుల్లబారితే చిన్న దెబ్బకే విరుగుతుంది. తడి గచ్చు మీద జారితే తుంటి ఎముక విరగొచ్చు. మంచాన పడితే మంచినీళ్లకు కూడా ఇంకొకరిని పిలవాలి.

"ఇంటి చాకిరీ అంతా మాదే. ఇంకా కసరత్తు దేనికి?" అంటారు చాలామంది. నిజమే. చాకిరీ కూడా కదలికే. కానీ గిన్నెలు తోమితే చేతులకే పని. తూలకుండా నిలబడటం కాళ్లకు వేరుగా నేర్పాలి.

పాత పనికి కొత్త పని ముడి

కొత్త పని మరిచిపోతాం. రోజూ చేసే పనికి దాన్ని ముడివేస్తే గుర్తుంటుంది.

పళ్లు తోముకున్నాక: గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోండి. చేతులు ఆనకుండా లేవండి. మెల్లగా కూర్చోండి. మొదట 5 సార్లు చాలు. అలవాటయ్యాక 10 సార్లు చేయండి.

టీ తాగాక: గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. పది అంకెలు లెక్కపెట్టండి. తరువాత రెండో కాలు.

సాయంత్రం: నడవండి. కాలవగట్టు అయినా సరే, వీధి అయినా సరే. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవడం లాంటి కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట, వారానికి 5 రోజులు. ఒకేసారి కుదరకపోతే మూడు పదులు చేసుకోండి.

ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపండి. డాక్టరుకు చూపించుకోండి.

అమ్మ కంచంలో ఏముంది?

చాలా ఇళ్లలో అమ్మ ఆఖరున తింటుంది. అప్పటికి పప్పు అయిపోతుంది. అన్నం, పచ్చడి మిగులుతాయి. కండకు పప్పు, గుడ్డు, చేప, పాలు కావాలి. అమ్మ వాటా ముందే తీసిపెట్టాలి. ఎముకకు కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వుల్లోనూ, మునగాకులోనూ బాగా ఉంటుంది.

ఉప్పు మాత్రం తగ్గించాలి. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. అంటే ఒక చిన్న చెంచాడు. కూరలో ఉప్పు, ఆవకాయలో ఉప్పు, వడియాల్లో ఉప్పు, ఎండుచేపల్లో ఉప్పు అన్నీ కలిపి అంతే. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది.

చదువు ఇక్కడ పనికొస్తుంది

రక్తపోటు పైకి కనబడదు. ముప్పై దాటిన వాళ్లు ఏడాదికోసారైనా చూపించుకోవాలి. నర్సమ్మ చెప్పిన అంకె అడిగి రాసుకోండి. 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్రల అట్ట మీద గడువు తేదీ చదవండి. నడిచిన రోజున క్యాలెండరులో గీత గీయండి. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టండి.

పెద్దవాళ్లకు సలహా, సాయం కావాలంటే 14567 నంబరుకు ఫోను చేయొచ్చు. ఆ ఫోనుకు డబ్బు పడదు.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు? వాళ్ల కంచంలో ఏం మిగులుతుంది?
2. మీ ఇంట్లో కాలు జారే చోటు ఏది? దాన్ని ఎలా బాగుచేస్తారు?
3. రేపు ఏ పనికి ఏ అలవాటు ముడివేస్తారు? ఒక వాక్యం రాయండి.