ఊరు వేసిన నీటి లెక్క

పరిశోధనలో సాధారణంగా ప్రశ్న వేసేవారు వేరు, జవాబు చెప్పేవారు వేరు. విశ్వవిద్యాలయం నుంచో ప్రభుత్వ శాఖ నుంచో వచ్చినవారు ఊళ్లో నాలుగు రోజులు తిరిగి వివరాలు రాసుకుపోతారు. ఆ తర్వాత ఆ కాగితాలు ఏమయ్యాయో ఊరికి తెలియదు. ప్రజా భాగస్వామ్య పరిశోధనలో ఈ వరస మారుతుంది. దేన్ని పరిశీలించాలో సమస్యలో ఉన్నవారే తేల్చుకుంటారు, సమాచారం వారే సేకరిస్తారు, దాని అర్థమేమిటో నిపుణులతో కూర్చుని తర్కిస్తారు, తేలినదాన్ని బట్టి ఏం చేయాలో కూడా వారే నిర్ణయిస్తారు. ఊరివాళ్ల చేత ప్రశ్నపత్రాలు నింపించినంత మాత్రాన ఈ పేరు చెల్లదు. చివరికి లెక్క ఎవరి చేతిలో మిగిలిందన్నదే దీనికి గీటురాయి.

ఈ ఆలోచన ఒక్కచోట పుట్టింది కాదు. పరిశోధన, ఆచరణ కలిసి సాగాలని అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1940లలోనే వాదించాడు. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరే వయోజన విద్యను పేదలు తమ స్థితిని తామే విశ్లేషించుకునే సాధనంగా మలిచాడు. కొలంబియా సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ఫాల్స్ బోర్డా రైతులతో కలిసి పరిశోధన చేశాడు. 1977లో కార్టహేనా నగరంలో ఆయన చొరవతో జరిగిన ప్రపంచ సదస్సు తర్వాత ఈ పద్ధతికి విద్యారంగంలో గుర్తింపు వచ్చింది. మన దేశంలో రాజేశ్ టాండన్ 1982లో స్థాపించిన ప్రియా సంస్థ దీన్ని ప్రచారం చేసింది. సిద్ధాంత గ్రంథాలు చాలానే వచ్చాయి గానీ, ఈ పద్ధతి బలమూ బలహీనతా తెలియాలంటే బోరు బావుల దగ్గరికి వెళ్లడమే మేలు.

రాయలసీమ, దక్షిణ తెలంగాణ, ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాల్లో నేల కింద ఉన్నది చాలావరకు గట్టి రాయి. వాన నీరు ఆ రాతి పైనున్న శిథిల పొరలోనూ పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఆ జాగా చిన్నది. మంచి వానలకు నిండుతుంది, ఒకటి రెండు పంటలకు అడుగంటుతుంది. ఊటబావులు ఎండి బోర్లు వచ్చాక పోటీ మొదలైంది. ఒకరు రెండు వందల అడుగులు వేస్తే పక్క పొలం వాళ్లు మూడు వందలకు దిగారు. నీళ్లు పడని బోరుకు చేసిన అప్పు మాత్రం మిగిలింది. కొత్త బోర్లను అదుపు చేయడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వచ్చింది. పొలం పొలానికీ కాపలా పెట్టడం ఏ అధికారికీ సాధ్యం కాదు కాబట్టి దాని ప్రభావం అంతంత మాత్రమే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక, బిల్లు భయంతో మోటారు ఆపే అవసరమూ పోయింది.

సరిగ్గా ఆ కాలంలోనే, 2003లో, ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం మొదలైంది. ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో దాన్ని ఏపీఫామ్స్ అంటారు. నెదర్లాండ్స్ నిధులు ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది, బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి నడిపింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాలు ఇందులో చేరాయి. ఈ పథకం బోర్లు వేయలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, నిషేధమూ పెట్టలేదు. కొలవడం నేర్పింది.

నేల కింది నీటికి ఊరి పొలిమేరతో పనిలేదు. అందుకని ఒక వాగులోకి వాన నీరు చేరే ప్రాంతమంతటినీ ఒక యూనిట్‌గా తీసుకున్నారు. ప్రతి ఊళ్లో ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి భూగర్భజల కమిటీ ఏర్పాటు చేసుకున్నారు. వానమాపకాన్ని ఒకరు రోజూ చూసి రాస్తారు. ఎంచుకున్న బావుల్లోకి పక్షానికోసారి టేపు దించుతారు. కొన నీటికి తగలగానే పరికరం మోగుతుంది, ఆ లోతును పుస్తకంలో ఎక్కిస్తారు. బోరు ఎంత పోస్తోందో తెలియడానికి ఒక డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్ చాలు: డ్రమ్ము నిండటానికి పట్టిన సెకన్లను బట్టి గంటకు ఎన్ని లీటర్లో తేలుతుంది. ఇలా రెండు వేలకు పైగా బావుల వివరాలు రైతుల చేతి రాతలోనే పోగయ్యాయి. కొబ్బరికాయ చేతబట్టి నీటి జాడ చెప్పేవారి మీద ఆధారపడిన ఊళ్లలో ఇది చిన్న మార్పేమీ కాదు.

అసలు పని రబీకి ముందు. వానలు తగ్గుముఖం పట్టాక, ఆ ఏడు కురిసిన వానను బట్టి, బావుల్లో మట్టాలను బట్టి నేలలోకి ఎంత నీరు ఇంకిందో లెక్క కడతారు. తర్వాత రైతులందరూ ఈ రబీలో ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలిచారో చెబుతారు. వరికి ఇంత, వేరుశనగకు ఇంత, శనగకు ఇంత అని నీటి అవసరం కూడుతారు. ఉన్న నీటినీ, కావలసిన నీటినీ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిస్తారు. లోటు తేలినా ఎవరినీ పంట మానమని ఆదేశించరు. వరి తగ్గించి ఆరుతడి పంటకు పోవాలా, బిందు సేద్యం పెట్టాలా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకుంటారు.

ఆదేశం లేకుండా ఎవరు వింటారన్న సందేహం సహజం. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ప్రకారం, మూడేళ్ల పరిశీలనలో 42 శాతం యూనిట్లలో రబీ నీటి వాడకం ఏటా తగ్గుతూ వచ్చింది. 51 శాతం యూనిట్లలో ఒక ఏడాది తగ్గి మరో ఏడాది తగ్గలేదు. పెరిగింది 7 శాతంలో మాత్రమే. దీనికి కారణం రైతుల త్యాగబుద్ధి అనుకోనక్కర్లేదు. గట్టి రాతి నేలలో ఏ ఏటి నీటి ఖాతా ఆ ఏటిదే. జనవరిలో బోరు ఆగిపోతుందని నవంబరులోనే తెలిస్తే, ఎండిపోయే వరికి పెట్టుబడి పెట్టేవారు తక్కువ. ఆ మాట అధికారి చెబితే అనుమానం వస్తుంది, తమ టేపు చెబితే రాదు.

చదువు అంతంత మాత్రంగా ఉన్నవారు సేకరించిన వివరాలు శాస్త్రానికి నిలుస్తాయా అన్నది ఈ పద్ధతిపై తరచూ వచ్చే విమర్శ. దీనికి మహారాష్ట్రలోని గడ్చిరోలి జవాబు చెప్పింది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఐదు నుంచి పది తరగతులు చదివిన పల్లె స్త్రీలకు పసికందులను ఇంటి దగ్గరే పరీక్షించడం, తూకం వేయడం, రికార్డు రాయడం, చికిత్స చేయడం నేర్పారు. 39 గ్రామాల్లో జరిగిన ఆ ప్రయోగంలో మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. 2011 నుంచి ఆశా కార్యకర్తలు దేశమంతటా బాలింతల ఇళ్లకు వెళ్లి పసిబిడ్డలను చూస్తున్నది ఆ అనుభవం ఆధారంగానే. శిక్షణ, పర్యవేక్షణ సరిగా ఉంటే కొలిచే చేయి పట్టాదారుదా పట్టభద్రుడిదా అన్నది అడ్డు కాదు.

అసలు చిక్కులు వేరే ఉన్నాయి. ఏపీఫామ్స్ నిధులు ఆగాక కొన్నేళ్లకు జరిగిన పరిశీలనల్లో, చాలా ఊళ్లలో కమిటీలు చల్లబడ్డాయనీ, తొలి నివేదికల ఫలితాలు కొంత పెంచి చెప్పినవనీ తేలింది. వానలు బాగా పడిన ఏడు బావుల మట్టం ఎలాగూ పెరుగుతుంది. అందులో లెక్క వల్ల వచ్చినదెంతో విడదీయడం కష్టం. టేపు పాడైతే బాగు చేయించేవారూ, రాసిన అంకెలను సరిచూసేవారూ ఏటా కావాలి. స్వచ్ఛందంగా చేసే పని ఎంతకాలం సాగుతుందన్న ప్రశ్నను పథకం దాటవేసిందనే చెప్పాలి. మరో సంగతి, నీటి లెక్కకు కూర్చునేది ముఖ్యంగా బోరున్న రైతు. వరి తగ్గితే నీరు మిగులుతుంది గానీ నాట్ల కూలి కూడా తగ్గుతుంది, ఆ నష్టం భూమి లేని ఆడవాళ్లది. భాగస్వామ్యం అన్నప్పుడు ఊళ్లో ఎవరి భాగమెంత అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న.

గ్రామ స్థాయి నీటి లెక్క మాత్రం విధానాల్లోకి ఎక్కింది. 2019 డిసెంబరులో కేంద్రం 6,000 కోట్ల రూపాయలతో ప్రారంభించిన అటల్ భూజల్ యోజనలో పంచాయతీలు తమ నీటి బడ్జెట్‌ను తామే తయారు చేసుకోవాలని నియమం పెట్టారు. అందులో సగం డబ్బు ప్రపంచ బ్యాంకు రుణం. గుజరాత్, హరియాణా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలను దానికి ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ జాబితాలో లేవు.