సిల్వర్‌డేల్‌లో కిక్కిస కోత

కొల్లేటి గట్టున పుట్టి పెరిగిన మనిషిని ఇంగ్లండు రప్పించి, రైలెక్కించి తీసుకువెళ్ళి, పిక్కల లోతు బురదలో కిక్కిస గడ్డి చూపిస్తే ఏమంటాడు? మా మామగారు పెద్దగా ఏమీ అనలేదు. అరువు తెచ్చిన వెల్లింగ్టన్ బూట్లు కాళ్ళకు సరిపోయాయో లేదో చూసుకుని, వంగి ఒక కాడ విరిచి, గణుపు దగ్గర గోటితో గీకి, "ఇదే. మా కొల్లేటిదే" అన్నారు.

కిందటి నవంబరులో ఒక శనివారం నాటి సంగతి ఇది. మన సంఘంలో చాలా కుటుంబాలవారు లేక్ డిస్ట్రిక్టుకు పోయేటప్పుడు కార్న్‌ఫోర్త్ మీదుగానే వెళ్తుంటారు. అక్కడ పెద్దరోడ్డు వదిలి నాలుగైదు మైళ్ళు పక్కకు తిరిగితే సిల్వర్‌డేల్ అనే ఊరు, దానిని ఆనుకుని లైటన్ మాస్ అనే పక్షుల రక్షిత ప్రాంతం ఉన్నాయి. వాయవ్య ఇంగ్లండులో ఇంత పెద్ద కిక్కిస మడుగు మరొకటి లేదు. కారే అక్కర్లేదు. లాంకస్టర్ నుంచి బారో వెళ్ళే రైలు సిల్వర్‌డేల్ స్టేషన్లో ఆగుతుంది. అక్కడి నుంచి నడక కొద్ది నిమిషాలే.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మేము అక్కడికి పక్షులను చూడటానికి వెళ్ళలేదు, గడ్డి కోయడానికి వెళ్ళాం. మా అబ్బాయి పదమూడేళ్ళవాడు. వాడికి పక్షుల పిచ్చి పట్టి రెండేళ్ళయింది. చూసిన పక్షినల్లా నోటుపుస్తకంలో రాసుకుంటాడు. శీతకాలంలో అక్కడ స్వచ్ఛంద సేవకులు పని చేస్తారని వాడే కనుక్కుని వచ్చాడు. పిల్లవాడు పెద్దవాళ్ళ తోడు లేకుండా పనిలో దిగకూడదట. అంచేత నేను వెళ్ళవలసి వచ్చింది. ఆరు నెలలకని వచ్చి మా ఇంట్లో హీటరు పక్కన కూర్చుని విసుగెత్తిపోయిన మామగారు నేనూ వస్తానన్నారు. "వారమంతా ఆసుపత్రిలో నిలబడే మనిషి శనివారం బురదలో నిలబడతాడట" అని మా ఆవిడ సణిగింది. సణుగుతూనే నలుగురికి సరిపడా పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

నాకు మొదటినుంచీ ఒక అనుమానం ఉండేది. పక్షుల కోసం కాపాడుతున్నామని చెప్పుకునే చోట, పక్షులు కాపురముండే గడ్డినే నరకడం ఏమిటి? మొదటి రోజు మాకు పని చూపించిన ఉద్యోగినిని ఇదే అడిగాను. ఆవిడ మాటల్లో చెప్పకుండా మమ్మల్ని మడుగులో ఒక మూలకు తీసుకువెళ్ళింది. ఏళ్ళ తరబడి కోయకుండా వదిలేసిన ముక్క అది. ఎండిన కిక్కిస పొరలు పొరలుగా పడి కుళ్ళి, నేల పైకి లేచింది. కాలు పెడితే నీరు తగలలేదు. మధ్యలో విల్లో మొక్కలు మనిషెత్తు లేచి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే అది చిట్టడవి అవుతుంది. మడుగు తనంతట తాను మడుగుగా మిగలదు. ఏటా కొంత కోసి, ఆ కోసింది బయటికి లాగి, నీటిమట్టం సరిచూస్తూ ఉంటేనే నిలుస్తుంది. అంతా ఒక్కసారి కోయరు. ఈ ఏడు ఒక ముక్క, వచ్చే ఏడు ఇంకొకటి. ఒక వంతు లేతగా, ఒక వంతు ముదురుగా ఉంటే రెండు రకాల పక్షులకూ చోటుంటుంది.

ఈ మడుగు కథ కూడా చిత్రమైనదే. పందొమ్మిదో శతాబ్దంలో దీని నీరంతా తోడేసి పంటలు పండించారు. మంచి పంటభూమి అని పేరు కూడా వచ్చింది. నీరు తోడటానికి పంపు ఉండేది, ఆ పంపుకు బొగ్గు కావాలి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1917 ప్రాంతాన, పంపు ఆగిపోయింది. నీరు తిరిగి వచ్చింది, నీటి వెనకే కిక్కిస, కిక్కిస వెనకే పక్షులు. 1964లో రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ వారు దీన్ని తమ సంరక్షణలోకి తీసుకున్నారు. ఆ సంఘం 1889లో మన పక్కనున్న మాంచెస్టరు శివారు డిడ్స్‌బరీలో ఒక ఇంట్లో కొందరు ఆడవాళ్ళు మొదలుపెట్టినది. టోపీల్లో పక్షి ఈకలు పెట్టుకోబోమని పంతం పట్టి మొదలుపెట్టారు. నేడది ఈ దేశంలో ఎంత పెద్ద సంస్థో మీకు తెలుసు.

ఇక పని సంగతి. మరకత్తుల యంత్రంతో కోసేవారు వేరే. అందుకు శిక్షణ కావాలి, ముఖానికి కవచం కావాలి. మనబోటివాళ్ళకు పళ్ళున్న పొడుగుకర్ర ఇస్తారు. యంత్రం కోసిపడేసిన గడ్డిని ఆ కర్రతో లాగి కుప్ప వేయాలి. వినడానికి తేలికే. నీట నానిన కిక్కిస ఎంత బరువో అరగంట లాగితే నడుము చెబుతుంది. బూటు బురదలో దిగి, కాలు పైకి వచ్చి, బూటు అక్కడే ఉండిపోవడం నాకు రెండుసార్లు జరిగింది. మా అబ్బాయి రెండుసార్లూ నవ్వాడు.

నాతో పాటు ఆ రోజు లాగినవారిలో ఒక రిటైరైన బడిపంతులు, ఒక బస్సు డ్రైవరు, ఇద్దరు కాలేజీ పిల్లలు, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. నువ్వు ఏం పని చేస్తావని మధ్యాహ్నం వరకు ఎవరూ నన్ను అడగలేదు. మన విందుల్లో చేతికి పళ్ళెం అందకముందే అడుగుతారు కదా! తర్వాత తెలిసింది కాబోలు, పెద్దావిడ తన మోకాలు నొప్పి సంగతి ఎత్తింది. దానికి కూడా నేను సంతోషించాను.

మామగారిని కూర్చోమని అందరూ చెప్పారు. డెబ్బై నాలుగేళ్ళవారు. పావుగంట కూర్చుని చూశారు. లేచి వచ్చి, నాలుగు కాడలు తీసుకుని మెలిపెట్టి తాడులా పేని, నేను ముక్కుతూ లాగుతున్న గడ్డిని చంకలోకి ఎత్తి ఒక్క కట్టు కట్టి భుజాన వేసుకున్నారు. పది నిమిషాల్లో మూడు మోపులయ్యాయి. యంత్రం నడిపేవాడు యంత్రం ఆపి చూశాడు. బడిపంతులుగారు వచ్చి ఆ ముడి నేర్పమన్నారు. భాష రాని ఇద్దరు ముసలివాళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గడ్డితాడు పేనుతుంటే నేను దుబాసీ పని కూడా చేయలేదు, అవసరం పడలేదు.

టీ తాగే వేళ బియర్డెడ్ టిట్లు కనిపించాయి. పిచ్చుకంత పక్షి, పొడుగు తోక, మగదానికి కళ్ళ కింద నల్లని మీసాలు. ఈ పక్షి ఎండాకాలమంతా పురుగులు తింటుంది. చలికాలంలో పురుగులు ఉండవు గనక కిక్కిస గింజలకు మారుతుంది. గట్టి గింజ అరగాలంటే కడుపులో తిరగలి ఉండాలి. అందుకని ఆకురాలు కాలంలో ఇసుక, చిన్న గులకలు మింగుతుంది. ఇక్కడివారు మడుగు మధ్య కట్టబాట పక్కన పళ్ళేలలో ఆ గులకలు పోసి పెడతారు. అవి వచ్చి ఏరుకుంటుంటే ఎదురుగా నిలబడి చూడవచ్చు. "తాతయ్యా, రాళ్ళు తింటోంది!" అని మావాడు కేకపెట్టబోయి నోరు మూసుకున్నాడు. "మన కోడి తినదుటరా" అన్నారు తాతయ్య.

అందరూ ఎదురుచూసే పక్షి మాత్రం బిట్టర్న్. మన కొంగల కుటుంబమే, రంగు అచ్చం ఎండిన కిక్కిసే. ప్రమాదం తోస్తే మెడ నిటారుగా ఎత్తి కాడల మధ్య కాడలా నిలబడిపోతుంది. వసంతంలో మగపక్షి చేసే కూత సీసా నోట్లో ఊదినట్టు, అంతకన్నా లోతుగా, మైళ్ళ దూరం వినబడుతుంది. 1997లో ఈ దేశం మొత్తం మీద అలా కూసే మగపక్షులు 11 మాత్రమే లెక్కకు వచ్చాయి. వేట ఒకప్పటి కారణం. తర్వాతి కారణం నేను పైన చెప్పిందే: మడుగులు ఎండి గట్టిపడటం, చేపలు తగ్గిపోవడం. అప్పటినుంచి దేశమంతటా మడుగుల్లో మేట తవ్వి, నీరు నిలిపి, కిక్కిస కోసి, కొత్త మడుగులు కూడా వేసి పాటుపడితే 2023 నాటికి ఆ లెక్క 234కు వచ్చింది. లైటన్ మాస్‌లో మధ్యన చాలా ఏళ్ళు బిట్టర్న్ గూడు పెట్టలేదు. మడుగులో కొంత భాగాన్ని ఎండగట్టి తిరిగి నీరు పెట్టిన తర్వాత, 2018లో మళ్ళీ పెట్టింది.

ఈ లెక్కలు నేను మామగారికి తెలుగులో చెప్పాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత, "మా దగ్గర గూడబాతులు ఉండేవి. మా అమ్మ నన్నెత్తుకుని చూపించేదట" అన్నారు.

కొల్లేరు గురించి మనలో చాలామందికి బడిలో చదువుకున్న రెండు వాక్యాలే గుర్తు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు దారిన నీరు సముద్రానికి పోతుంది. అక్కడికి దగ్గరలో ఆరేడు అనే ఊరి చెట్ల మీద వందలకొద్దీ గూడబాతుల గూళ్ళు ఉన్నాయని 1946లో నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు గుర్తించి లోకానికి తెలియజేశాడు. 1970ల దశకంలో ఆ పక్షులు ఆ ఊరు వదిలి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత సరస్సు లోపలే గట్లు వేసి చేపల చెరువులు తవ్వడం మొదలైంది. 1999లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు తెగగొట్టింది. తెగగొట్టిన చోట మళ్ళీ గట్లు లేచాయి. బతుకుతెరువు పోయినవారి గోడు, సరస్సు గోడు ఈనాటికీ ఒక కొలిక్కి రాలేదు.

ఇదంతా కాగితం మీది చరిత్ర. ఆ మధ్యాహ్నం మామగారు చెప్పింది వేరు. "ఎవరో వచ్చి పాడుచేశారని చెప్పుకుంటాం గానీ అల్లుడుగారూ, నేనూ తవ్వించాను. నాకూ వాటా ఉంది చెరువులో. మీ ఆవిడ చదువు ఆ చేపలతోనే అయింది. కిక్కిస అడ్డమని తగలబెట్టించాను. ఇంత జాగ్రత్తగా కోయాలని, కొంత ఉంచాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదేమో."

దానికి నేనేమనాలి? ఆ చేపల డబ్బుతో చదివిన మనిషి కలిపిన పులిహోరే నేను తింటున్నాను. మన తరంలో ఇక్కడికి వచ్చిన వాళ్ళలో ఎందరి చదువు వెనక ఏ పొలం, ఏ చెరువు, ఏ అడవి ఉందో లెక్క తీస్తే మన సంఘం సభ్యత్వ జాబితా అంత అవుతుంది. ఆ మాట ఇక్కడితో ఆపుతాను.

సాయంత్రం నాలుగు దాటాక వెలుగు తగ్గుతుండగా స్టార్లింగులు వచ్చాయి. మన గోరింకల జాతివే. మొదట ఒక గుప్పెడు, చూస్తుండగానే వేలు. ఆకాశంలో పొగలా చుట్టలు తిరిగి, సాగి, ముడుచుకుని, ఒక్కసారిగా మా ముందరి కిక్కిసలోకి కుమ్మరించినట్టు దిగిపోయాయి. అప్పటిదాకా ఇంటికి పోదామన్న మా అబ్బాయి ఇంకాసేపు ఉందామన్నాడు. మార్ష్ హేరియర్ అనే గద్ద ఒకటి ఆ గుంపు కింద నెమ్మదిగా ఊగుతూ పోయింది. 1971లో ఈ దేశంలో ఆ గద్ద ఒక్క జతే మిగిలింది, అదీ తూర్పుతీరంలో మిన్స్‌మియర్‌లో. డీడీటీ వగైరా పురుగుమందులు దాన్ని అంతవరకూ తెచ్చాయి. ఇప్పుడు వందల జతలున్నాయి. ఇదే జాతి గద్ద చలికాలంలో మన కొల్లేటి మీదికీ వస్తుంది. మామగారు దాని తీరు చూడగానే గుర్తుపట్టారు. "రెక్కలు అలా వి ఆకారంలో ఎత్తిపట్టి తేలేదే కదూ" అన్నారు. ఆయనకు వి అక్షరం ఎలా తెలుసని అడిగితే, చేపల లారీల మీద చదివానన్నారు.

ఫిబ్రవరి చివరిదాకా మేము నాలుగుసార్లు వెళ్ళాం. పక్షులు గూళ్ళు కట్టే వేళకు కోత ఆపేస్తారు. రాదలచినవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ముందుగా రాసి పేరు ఇవ్వాలి, తిన్నగా వెళ్ళి దిగితే కుదరదు. పాత బట్టలు, రెండు జతల మేజోళ్ళు, తిండి, ఫ్లాస్కు తప్పనిసరి. పని అక్కర్లేదు, చూడటమే చాలు అనుకునేవారికి ఉప్పునీటి మడుగుల దగ్గర రెండు దాగుడు గదులు ఉన్నాయి. ఒకదానికి హాస్యనటుడు ఎరిక్ మోర్‌కమ్ పేరు పెట్టారు. ఆయన పక్షులను చూడటమంటే ప్రాణం పెట్టేవాడు. వానాకాలంలో మడుగు మధ్య బాట మునుగుతుంటుంది, చిన్నపిల్లలున్నవారు ముందు కనుక్కుని వెళ్ళండి.

మామగారు మార్చి మొదటి వారంలో వెళ్ళిపోయారు. పెట్టెలో చాక్లెట్ల మధ్య ఒక కిక్కిస కాడ పెట్టుకోబోతే విమానాశ్రయంలో గొడవని మా ఆవిడ తీసేసింది. ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున నేనూ అబ్బాయీ వెళ్ళి కట్టబాట మీద నిలబడ్డాం. మంచు. ఏమీ కనిపించదు. కుడివైపునుంచి, మేము లాగిన ముక్క దిక్కునుంచే అనుకుంటాను, ఆ కూత వచ్చింది. మూడుసార్లు. అక్కడినుంచే కైకలూరికి ఫోను చేసి చెప్పాను.

"నీళ్ళు ఎంత లోతు నిలిపారు?" అని అడిగారు మామగారు.