పూసలు గుచ్చినట్టు డీఎన్‌ఏ: ఒక కెమిస్ట్ ప్రయాణం, మన పిల్లలకు ఒక దారి

2020 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా పేరు రోజూ టీవీల్లో వినిపించింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో కరోనా కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో కర్నూలు ముందు వరుసలో ఉండేది. కల్లూరులో గానీ, కర్నూలు పాతబస్తీలో గానీ ఆ రోజులు మరిచిపోయిన ఇల్లు ఉండదు. ముక్కులో పుల్ల పెట్టి స్వాబ్ తీసుకుని పోయేవారు. ఆ తర్వాత ఎదురుచూపు. పాజిటివా, నెగటివా? ఆ ఒక్క మాట వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

ఆ ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష నడవాలంటే ఒక చిన్న వస్తువు తప్పనిసరి. దాని పేరు ప్రైమర్. సుమారు 20 అక్షరాల పొడవుండే డీఎన్‌ఏ ముక్క అది. దాన్ని ఎవరి ఒంట్లోంచీ తీయరు. ల్యాబ్‌లో, సీసాల్లోని రసాయనాలతో, ఒక్కో అక్షరం చేర్చి తయారు చేస్తారు. రోగానికి మతం అంటగట్టిన మాటలు కూడా ఆ రోజుల్లో బాగా తిరిగాయి. ప్రైమర్‌కు మాత్రం స్వాబ్ ఇచ్చిన మనిషి పేరు తెలియదు, మొహల్లా తెలియదు. తనకు జత కుదిరే అక్షరాలు అందులో ఉన్నాయా లేవా అన్నదే దాని పని.

ఇలాంటి డీఎన్‌ఏ ముక్కలను రసాయనికంగా తయారు చేసే తొలి కేంద్రాన్ని మన దేశంలో ఏర్పాటు చేసింది ప్రొఫెసర్ కృష్ణ ఎన్. గణేశ్. అది మొదలైంది హైదరాబాద్‌లో. తర్వాత ఆయన రాయలసీమకూ వచ్చారు.

నాలుగు అక్షరాలు, రెండు జతలు

డీఎన్‌ఏలో ఉండేవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఎ ఎప్పుడూ టితోనే జత కడుతుంది, జి ఎప్పుడూ సితోనే. మనిషి ఒంట్లోని ఒక పూర్తి డీఎన్‌ఏ ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాల జతలుంటాయి. అంత పెద్ద రాతలో 20 అక్షరాల ముక్క తన జతను వెతుక్కుని సరిగ్గా అక్కడే అతుక్కోగలదు. అన్ని అక్షరాలూ వరుసగా మరోచోట కలిసే అవకాశం చాలా తక్కువ.

డీఎన్‌ఏకు నకలు తీసే ఎంజైమ్‌కు ఒక పరిమితి ఉంది. అది ఖాళీ చోట పని మొదలుపెట్టలేదు. ముందే ఒక చిన్న ముక్క అతుక్కుని ఉంటే, దాని చివర నుంచి పొడిగించుకుంటూ పోతుంది. ఆ మొదటి ముక్కే ప్రైమర్. పీసీఆర్‌లో ఒక్కో రౌండుకు నకళ్లు రెట్టింపవుతాయి. 30 రౌండ్లు సక్రమంగా జరిగితే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. కరోనా వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్‌ఏగా మార్చి, తర్వాత ఈ పని చేస్తారు.

1983లో పీసీఆర్ ఆలోచన చేసిన అమెరికన్ శాస్త్రవేత్త కేరీ ముల్లిస్ అసలు ఉద్యోగం ఏమిటో తెలుసా? ఒక కంపెనీలో ఇలాంటి చిన్న డీఎన్‌ఏ ముక్కలు తయారు చేయడం. ఆ ఆలోచనకు 1993లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

తస్బీహ్ పూసల్లా

డీఎన్‌ఏను రసాయనాలతో తయారు చేయవచ్చని చూపిన వారిలో హర్‌గోబింద్ ఖొరానా ముఖ్యులు. ఆయన పుట్టింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్‌లోని రాయ్‌పూర్ అనే చిన్న పల్లెలో. సుమారు వంద మంది ఉన్న ఆ ఊళ్లో చదువు వచ్చిన ఇల్లు దాదాపు వాళ్లదొక్కటే. 1968లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1970లో ఆయన బృందం 77 అక్షరాల జతలున్న ఒక జీన్‌ను పూర్తిగా ల్యాబ్‌లో తయారు చేసినట్టు ప్రకటించింది. దాని వెనుక ఎంతోమంది ఏళ్ల తరబడి చేసిన శ్రమ ఉంది.

పని సులువైంది 1980ల మొదట్లో. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మార్విన్ కారుథర్స్ బృందం కొత్త పద్ధతి తెచ్చింది. తస్బీహ్‌కు పూసలు గుచ్చడం గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి అక్షరాన్ని గాజు లాంటి గట్టి రేణువుకు అతికిస్తారు. ప్రతి అక్షరానికీ ఒక రసాయన మూత ఉంటుంది. ఆమ్లంతో ఆ మూత తీస్తారు. తర్వాతి అక్షరాన్ని పంపిస్తారు, అది అతుక్కుంటుంది. అతుక్కోకుండా మిగిలిన వాటిని ఇక పెరగకుండా మూసేస్తారు. ఆపై అయొడిన్‌తో ఆ అతుకును గట్టిపరుస్తారు. మళ్లీ మూత తీయడం, మళ్లీ కొత్త అక్షరం.

ఇందులో కష్టమంతా లెక్కలో ఉంది. ఒక్కో అతుకు 100కు 99 సార్లు సరిగ్గా పడిందనుకుందాం. 20 అక్షరాల ముక్కకు 19 అతుకులు కావాలి. చివరికి పూర్తిగా తయారయ్యేవి 100లో సుమారు 83. అదే 95 సార్లే సరిగ్గా పడితే, చేతికొచ్చేవి 38 మాత్రమే. 100 అక్షరాల ముక్క చేయాలంటే, 99 శాతం బాగా జరిగినా చివరికి మిగిలేవి 37. కొంచెం తేమ తగిలినా అతుకు చెడిపోతుంది. అందుకే ఈ పనికి ఓపిక, శుభ్రత, రసాయనాల మీద గట్టి పట్టు ఉన్న కెమిస్ట్ కావాలి.

1981, హైదరాబాద్

గణేశ్ చదివింది బెంగళూరు యూనివర్సిటీలో. ఢిల్లీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లాండ్ వెళ్లి కేంబ్రిడ్జిలో మరో పీహెచ్‌డీ పూర్తి చేశారు. 1981లో హైదరాబాద్‌లోని సీసీఎంబీలో చేరారు. పూర్తి పేరు సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ. 1977లో మొదలైన ఆ సంస్థకు తొలి డైరెక్టర్ పుష్ప మిత్ర భార్గవ.

జీవశాస్త్రం ల్యాబ్‌లో కెమిస్ట్‌కు ఏం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ జీన్ల మీద పరిశోధన చేసేవారికి డీఎన్‌ఏ ముక్కలు కావాలి. దేశంలో అవి తయారయ్యే చోటు లేకపోతే విదేశాల వైపు చూడక తప్పదు. గణేశ్ సీసీఎంబీలో ఆ లోటు తీర్చారు. 1987 వరకు అక్కడే పనిచేశారు.

రాసేవాడుంటేనే చదివే మిషన్

డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివే పద్ధతిని ఇంగ్లాండ్‌లో ఫ్రెడరిక్ శాంగర్ 1977లో ప్రకటించారు. అప్పట్లో అంతా చేత్తో చేయాల్సిన పని. నాలుగు అక్షరాలకు నాలుగు వరుసలు, రేడియోధార్మిక పదార్థాలు, ఎక్స్‌రే ఫిల్మ్ మీద గీతలు, వాటిని కళ్లతో చూసి రాసుకోవడం.

1986లో అమెరికాలోని కాల్‌టెక్‌లో లెరాయ్ హుడ్, లాయిడ్ స్మిత్ బృందం దాన్ని ఆటోమేటిక్ చేసింది. నాలుగు అక్షరాలకు నాలుగు రంగులు. లేజర్ కాంతి పడగానే రంగు మెరుస్తుంది, కంప్యూటర్ దాన్ని అక్షరంగా రాసుకుంటుంది. ఆ రంగులను మొదట అతికించింది ల్యాబ్‌లో తయారైన ప్రైమర్లకే. అంటే చదివే మిషన్ కూడా ముందు కెమిస్ట్ రాసిన ముక్క మీదే నిలబడింది. 1990లో మొదలై 2003లో ముగిసిన మానవ జీనోమ్ ప్రాజెక్టు ఇలాంటి మిషన్ల వల్లే సాధ్యమైంది. కరోనా కాలంలో కొత్త రకం వైరస్‌లను గుర్తించడానికి వైరస్ అక్షరాలు చదివిన సంస్థల్లో సీసీఎంబీ కూడా ఉంది.

పుణె నుంచి రాయలసీమకు

1987లో గణేశ్ పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీకి మారారు. అక్కడ ఆయన ముఖ్యమైన పని పీఎన్‌ఏ మీద సాగింది. 1991లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు తయారు చేసిన పదార్థమిది. డీఎన్‌ఏ దండలో దారం చక్కెర, ఫాస్ఫేట్‌లతో ఉంటుంది. పీఎన్‌ఏలో పూసలు అవే, దారం మాత్రం ప్రొటీన్లలో ఉండే తరహాది. ఆ దారానికి విద్యుత్ ఆవేశం ఉండదు, అందుకే డీఎన్‌ఏకు మరింత గట్టిగా అతుక్కుంటుంది. చెడ్డ జీన్ పనిని ఆపే మందులకు ఇది పనికొస్తుందన్నది ఆశ. అయితే నీళ్లలో సరిగ్గా కరగకపోవడం, కణంలోకి సులువుగా పోకపోవడం సమస్యలు. ఆ దారం ఆకారాన్ని రకరకాలుగా మార్చి దాన్ని మెరుగుపరచడానికి గణేశ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. 1998లో ఆయనకు రసాయన శాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి దక్కింది.

2006లో పుణెలో ఐసర్ ప్రారంభమైనప్పుడు ఆయనే తొలి డైరెక్టర్. 2015లో తిరుపతి ఐసర్ మొదలైతే, దానికి మొదట దారి చూపింది పుణె ఐసరే. 2017లో గణేశ్ తిరుపతి ఐసర్ డైరెక్టర్‌గా వచ్చారు. ఇప్పుడు ఏర్పేడు దగ్గర దాని సొంత క్యాంపస్ ఉంది. కల్లూరు నుంచి నంద్యాల, కడప మీదుగా ఒక రాత్రి బస్సు ప్రయాణం.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

మన ఇళ్లలో పిల్లలు బైపీసీ తీసుకుంటే నీట్, ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్. ఆ రెండూ రాకపోతే చదువే పోయినట్టు బాధపడతారు. కెమిస్ట్రీ బాగా వచ్చే అమ్మాయి నీట్‌లో ర్యాంకు రాలేదని ఇంట్లో కూర్చోవాల్సిన అవసరం లేదు. దేశంలో ఏడు ఐసర్లు ఉన్నాయి. ఎంపీసీ, బైపీసీ పిల్లలిద్దరూ ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయవచ్చు. అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ ఉంటాయి. సీటొస్తే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు, క్యాంపస్‌లోనే హాస్టల్.

ఆ టెస్ట్ లేకపోయినా దారి మూసుకుపోదు. డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టింది మన ప్రాంతం పిల్లలకు ఊళ్లోనే డిగ్రీ చదువు అందాలని. గణేశ్ కూడా మామూలు బీఎస్సీ, ఎమ్మెస్సీ దారిలోనే కేంబ్రిడ్జి దాకా వెళ్లారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మొదటి ఏడాదిలోనే ఐసర్ వెబ్‌సైట్ చూడండి. అర్హతలు, ఫీజు, రిజర్వేషన్, దరఖాస్తు తేదీలు ఏటా అక్కడ ప్రకటిస్తారు. రెండో ఏడాది పరీక్షల హడావిడిలో తెలిస్తే ఆలస్యమైపోతుంది.